ఒక చెయ్యి వేసే కాశయ్య

మా కాశయ్య మామకు ఒకటే జబ్బు. ఈ లోకంలో ఎవరూ దేన్నీ ఒంటరిగా మోయకూడదు. ఎవరైనా బరువెత్తడం కంటపడితే చాలు, తింటున్న దోసె వదిలేసి "ఆగాగు, ఒక చెయ్యి వేస్తా!" అంటూ పరిగెత్తుకొస్తాడు. ఆయన చెయ్యి పడ్డాక బరువు తగ్గిందని చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పెరిగిందని మాత్రం ఊరంతా చెబుతుంది.

మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన రోజు ఇద్దరు హమాలీలు చక్కగా మోసుకొస్తున్నారు. మామ మధ్యలో దూరి తలుపు పట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంది. లోపలి అరలన్నీ ఒక్కొక్కటే వీధిలోకి దిగాయి. "చూసినావా అల్లుడా, నేను పట్టుకోబట్టి సరిపోయింది!" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకోసారి మార్కాపురం బస్టాండులో ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ పెట్టె మీద చెయ్యి వేశాడు. ఆవిడ "దొంగ! దొంగ!" అని బస్టాండు అదిరేలా అరిచింది. స్టేషనుకు తీసుకెళితే, అక్కడ కానిస్టేబులు బెంచీ జరుపుతున్నాడు. మామ వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడట. పోలీసులు నవ్వాపుకోలేక వదిలేశారు.

అలాంటి మనిషి వెయిట్‌లిఫ్టింగ్ చూడాల్సి వచ్చింది. మా పక్కింటి జ్ఞానమ్మక్క, భర్త పోయాక కూలికి పోయి కొడుకు సాగర్‌ను పెంచింది. వాడు అరవై ఒక్క కేజీల విభాగంలో దేశం తరఫున విదేశంలో జరిగే అంతర్జాతీయ క్రీడలకు వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం ఊరంతా జ్ఞానమ్మక్క ఇంట్లో టీవీ ముందు కూలబడింది.

మొదటి విడత బాగానే గడిచింది. అసలు గండం రెండో విడత. బరువును ముందు భుజాల దాకా లేపి, ఆ తర్వాత నెత్తి మీదికి ఎత్తి నిలపాలి. మూడు అవకాశాలు. మూడింటిలో ఒక్కసారన్నా నిలపలేకపోతే అంతకుముందు ఎత్తినదంతా లెక్కలోకి రాదు, వట్టి చేతులతో ఇంటికి రావాలి.

"ఎంత బరువురా అది?" అడిగాడు మామ.

"నూట యాభై కేజీలు."

"ఓరి నాయనో! అంటే ఇద్దరు సాగర్లు, మీద ఇంకో సగం సాగర్! ఒక్కడే?"

"ఒక్కడే మామా."

"మరి ఆ ముగ్గురు కోట్లేసుకోని కుర్చీల్లో కూచోనుండారే, లేసి ఒక చెయ్యి వేస్తే వాళ్ళ సొమ్మేం పోతాది?"

"వాళ్ళు జడ్జీలు మామా! ఎవరన్నా తాకితే చెల్లదు."

"ఏం ఆటరా ఇది, పాపిష్టి ఆట!"

మొదటిసారి బరువు వెనక్కి జారి దబ్బున పడింది. మామ టీవీ మీదికి లంఘించబోతే ఇద్దరం పట్టుకుని కూర్చోబెట్టాం. రెండోసారి పైకి లేచింది గానీ మోచెయ్యి వణికింది. చెల్లదంటూ ఎర్ర లైట్లు వెలిగాయి. ఇంక మిగిలింది ఒక్కటే.

జ్ఞానమ్మక్క చప్పుడు చేయకుండా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. మామ టీవీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, తనూ వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత గోల చేసిన మనిషి అసలు సమయానికి పారిపోతాడా? లాక్కొద్దామని వెళ్ళాను.

అక్క వచ్చినవాళ్ళకు మంచినీళ్ళంటూ బిందె ఎత్తుతోంది. నీళ్ళు అంచు దాటి తొణుకుతున్నాయి. మామ చెయ్యి అప్పటికే బిందె అంచు మీద ఉంది.

"వదులు మామా! అసలే అక్క వణుకుతాంటే నీ బరువొకటా?" అని కసిరాను.

"ఉండనీ నాయనా" అంది అక్క. "పలకల గనిలో అన్న చేతి మీద బండ పడినకాడి నుంచి దానికి బలమెక్కడిది? గ్లాసు కూడా నిలవదు. మా ఇంటాయన పోయినప్పటి నుంచి ఈ బిందె నేనే మోస్తాండా. పక్కన మనిషుండాడని మోస్తాండా."

"ఊరుకో చెల్లీ, కొంచెం బలముందిలే" అన్నాడు మామ, ఇటు చూడకుండా.

ఇన్నేళ్ళుగా ఆ మనిషిని చూసి నవ్వానే గానీ, ఆ చేతిని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది.

లోపలి నుంచి పెద్ద అరుపు. పడిందో, నిలిచిందో తెలియని అరుపు. నా భార్య రేణుక పరిగెత్తుకొచ్చింది.

"నిలబెట్టినాడక్కా! నిలబెట్టినాడు! మూడో స్థానం!"

అక్క అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అరగంటకు సాగర్ ఫోన్ చేశాడు. అందరూ వినాలని అక్క స్పీకరు పెట్టింది.

"అమ్మా, మూడోసారి చూసినావా?"

"లేదు నాయనా. చూడలేక పెరట్లోకి పోయినా."

వాడి గొంతు తగ్గింది. "ఒక్కదానివేనా?"

"లేదురా. కాశయ్యన్న వచ్చినాడు."

"అయితే సరేమా" అంటూ వాడు వదిలిన ఊపిరి మా అందరికీ వినిపించింది.

మామ ఫోన్ లాక్కున్నాడు. "రేయ్ సాగరూ! పతకం బాగుంది గానీ, ఈసారి ఇద్దరు కలిసి ఎత్తే ఆటేదన్నా ఉంటే చూసుకోని చేరు నాయనా!"