నెమలి కాళ్ల దగ్గర మరుగుజ్జు

ఇప్పటి పిల్లలు ఫోన్లో నాలుగుసార్లు వేలితో నొక్కి ఒక రాజ్యం కట్టేస్తున్నారు. నా చిన్నతనంలో (మరీ పాతకాలమేమీ కాదు, పదిహేనేళ్ల కిందటి మాట) రాజ్యం కట్టాలంటే కాగితం కావాలి, రంగులు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా నాన్న ఇంట్లో లేని సమయం కావాలి. నాకు మూడూ దొరికాయి. షోలాపూర్ భవాని పేట్‌లో మా నాన్న చద్దర్లకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడినీ రంగుతో నింపుతూ పువ్వుల్ని, ఏనుగుల్ని పుట్టించేవాడు. ఆ కాగితం మీదే, ఆ రంగులతోనే, తొమ్మిదో తరగతిలో నేను ఏకంగా ఒక లోకాన్నే సృష్టించాను. బ్రహ్మదేవుడి సంగతి తెలియదు గానీ, నాకు మాత్రం నేల మీద కాలు నిలిచేది కాదు.

నా లోకంలో కొత్తదేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అడవిలో విల్లంబులతో పొడుగు చెవుల అందగత్తెలు. కొండల్లో గొడ్డళ్లతో గడ్డాల మరుగుజ్జులు. కోరలు బయటికొచ్చిన పచ్చ రాక్షసులు. మధ్యలో నిప్పులు కక్కే రెక్కల పాము, దాన్ని చంపడానికే పుట్టిన ఒకే ఒక్క వీరుడు. పక్కింటి అన్న కంప్యూటర్లో ఆడే ఆటల నుంచి సగం, టీవీ నుంచి సగం ఎత్తుకొచ్చి, అంతా నా బుర్రలోనే పుట్టిందని మనస్ఫూర్తిగా నమ్మాను. గడపలో బీడీలు చుడుతూ కూర్చున్న మా నాయనమ్మకు చూపిస్తే, ఒళ్లో చాట దించకుండానే కాసేపు పరీక్షగా చూసింది.

"అందరు మంచి మంచి బట్టలు కట్టుకున్నరు. నేసేటోళ్లేరి?"

ఆవిడ అక్కడితో ఆగితేనా? అడవివాళ్లకు నల్లా నీళ్లు ఎన్నిరోజులకోసారి వస్తాయనీ, ఆ కోరలతో రాక్షసుల పిల్లలకు సంబంధాలెట్లా కుదురుతాయనీ కూడా అడిగింది. ఒళ్లు మండింది గానీ, మర్నాడు ఒక మరుగుజ్జు చేతిలో గొడ్డలి చెరిపి మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె పెట్టాను. గడ్డం మాత్రం ఉంచాను. గడ్డం లేకపోతే వాణ్ని మరుగుజ్జని ఎవరు నమ్ముతారు?

నాన్నకు అప్పుడు గడ్డుకాలం. ఆయన పనిచేసే కార్ఖానా మాలక్‌కు కంప్యూటర్ డిజైన్ల మీద మనసు పోయింది. బయటూరి వ్యాపారి వస్తున్నాడు, అతనికి నచ్చేట్టు నెమళ్ల చద్దరు గీయి, నచ్చకపోతే ఇక చేతిగీతకు దండం పెట్టేద్దాం అని నాన్నతో తేల్చి చెప్పాడు. నాన్న పదిరోజులు వంచిన తల ఎత్తలేదు. గీయడం అయ్యాక కాగితాన్ని చుట్టచుట్టి అలమరలో పెట్టి, కార్డులు కొట్టే మామకు ఇచ్చి రమ్మని నాకు చెప్పాడు. అదే అలమరలో, అలాగే చుట్టచుట్టి, నా లోకం కూడా దాక్కుందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, బడికి ఆలస్యమవుతోందన్న తొందరలో చేతికందిన చుట్ట పట్టుకుని కొంతం చౌక్ వైపు పరుగెత్తాను.

కార్డులు కొట్టే మామ గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి, వరసవరసగా చదువుతూ, రంగున్న ప్రతి గడికీ అట్టలో ఒక రంధ్రం కొడతాడు. ఆ అట్టల దండ మగ్గం మీద ఎక్కితే, దాని ప్రకారం బట్టలో బొమ్మ పడుతుంది. బొమ్మ చూసేవాడికి వరస తప్పుతుందని ఆయన సిద్ధాంతం. కాబట్టి ఆయన చూడలేదు. నేసినాయన చూశాడట గానీ, కొత్త ఫ్యాషనేమో అనుకున్నాడట.

మాలక్ దగ్గర్నుంచి కబురొస్తే నాన్న వెంట నేనూ వెళ్లాను. మాలక్, వ్యాపారి, వాళ్ల ముందు బల్ల మీద పరిచిన నా లోకం. డిజైన్ అడ్డంగా ఆరుసార్లు పడింది. లోకానికి ఒక్కడే అనుకున్న నా వీరుడు ఆరుగురై ఆరు పాముల మీద కత్తి దూస్తున్నాడు. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. (కాకిపిల్ల కాకికి ముద్దు.) మరుక్షణమే నాన్న ముఖం చూసి ఏడుపొచ్చింది. ఆయన పని నావల్లే పోతోంది.

కార్డులు కొట్టే మామ మీదికి నాన్న తప్పు తోసేసినా కాదనేవాళ్లు లేరు. నాన్న చద్దరు అంచు వేళ్లతో పట్టుకుని, అటునుంచి ఇటు దాకా చూశాడు.

"నా బిడ్డ గీసింది మాలక్," అన్నాడు.

తప్పు ఒప్పుకుంటున్న గొంతు కాదది. ఆ గొంతు విన్నాక నా ఏడుపు ఎక్కడికి పోయిందో!

వ్యాపారి నవ్వాడు. మాలక్ నవ్వలేదు. ఈ కురచవాళ్లెవరని నన్ను అడిగాడు. నేసేవాళ్లని చెప్పాను. నాడె పట్టుకున్న వాణ్ని చూసి ఆయన మీసం కాస్త కదిలింది (అది నవ్వేనని నాయనమ్మతో ఇప్పటికీ వాదిస్తాను). వ్యాపారి ఇంకా నాలుగు రోజులు ఊళ్లోనే ఉంటాడు, ఆలోగా నెమళ్లు రావాలి, పాములొద్దు అని పంపించాడు.

దారి పొడుగునా తిట్ల కోసం ఎదురుచూస్తూ నడిచాను. ఇంటి దగ్గరికొచ్చాక నాన్న నోరు విప్పాడు. "అంచు కలుస్తలేదు బిడ్డా. ఒక పాము తోక ఆగిన కాడ రెండో పాము మొదలు గావాలె. ఊరికె గీస్తె బొమ్మ. అంచు కలిస్తెనే డిజైన్."

అసలు నెమళ్ల కాగితం పరిచి, అంచులో నెమలి కాళ్ల దగ్గర ఖాళీగా ఉన్న గళ్లు చూపించి, కుంచె నా చేతికిచ్చాడు. అక్కడ నాడె పట్టుకున్న మరుగుజ్జును పెట్టాను. నెమళ్లు వ్యాపారికి నచ్చాయి. మరుగుజ్జును ఎవరూ గమనించలేదు. నాన్న చేతిగీత ఇంకో ఆరేళ్లు నడిచింది.

ఇప్పుడు అదే పేటలో నేను కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తున్నాను. నాన్న వెనక కుర్చీ వేసుకుని అంచులు సరిచూస్తాడు. మొన్న మధ్యాహ్నం రైల్లో, ఎదుటి బెర్తు మీద ఒక పెద్దావిడ వెలిసిన నెమళ్ల చద్దరు కప్పుకుని నిద్రపోతోంది. సిగ్గు విడిచి వంగి చూశాను. ఉన్నాడు, గడ్డంతో, నాడెతో. ఆవిణ్ని లేపి, అమ్మా, మీరు కప్పుకున్నది నేను కట్టిన లోకం అని చెప్పాలనిపించింది. లేపలేదు. కిందికి జారిన అంచును కాళ్ల మీదికి సర్ది వచ్చి కూర్చున్నాను. ఆ తొమ్మిదో తరగతి పిల్ల అయితే తప్పకుండా లేపేది.