నిలబడేవాళ్ల జాకెట్టు

మొన్న ఆదివారం ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, మొగుడితో మనాలి వెళ్తోందట. "పెద్దమ్మా, ఈ రెండు జాకెట్లలో ఏది తీసుకోమంటావు?" అని తెర మీద బొమ్మలు అటూ ఇటూ జరుపుతూ అడిగింది. మా అనకాపల్లిలో చలికాలమంటే తెల్లవారుజామున పాలకి వెళ్లేవాళ్లు చెవులకు తువ్వాలు చుట్టుకోవడం, పొద్దెక్కగానే దాన్ని తీసి భుజాన వేసుకోవడం, అంతే. అలాంటి ఊళ్లో అరవై దాటిన ఆడమనిషిని పట్టుకుని ఇదేం ప్రశ్న అని కొత్తవాళ్లకు అనిపించవచ్చు. మా వీధిలో మాత్రం ఎవరు ఉత్తరాదికి బయలుదేరినా ముందు నా దగ్గరికే వస్తారు. నేను కూడా డాక్టరులా ఎదురు ప్రశ్నలు వేస్తాను. అక్కడ వాన పడుతుందా, గాలి కొడుతుందా, కొండ ఎక్కుతారా, కారు దిగి ఫోటో తీయించుకుని మళ్లీ కారెక్కుతారా అని. ఆ పిల్ల నవ్వి, "రంగు గురించి సెప్తావనుకున్నాను పెద్దమ్మా" అంది. ఫోటోలకే అయితే ఎర్రది తీసుకోమని పంపించాను. పంపించాను గాని, ఆ పూటంతా ఒకచోట కాలు నిలవలేదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరుగుతుంటే మా ఆయన పేపరు పైనుంచి చూసి, "మా చెల్లెలి గాలి సోకిందేటి నీకు?" అన్నారు.

ఆయన చెల్లెలు, అంటే మా ఆడపడుచు, కుదురుగా కూర్చోగా నేను చూసింది తక్కువ. ఉప్మాక దగ్గర పల్లెలో అత్తవారి వైపు నుంచి వచ్చిన చెరుకు తోట, కాస్త వరి, ఒక గేదె, ఆవిడ సంసారం అదే. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తింటుంది. మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీ వేస్తే కూర్చోదు, ఆ కుర్చీ తుడుస్తుంది. ఆవిడ భర్త మిలటరీలో చేసేవాడు. మా ప్రాంతంలో చేలగట్ల మీద పరుగులు తీసి సైన్యంలో చేరిన కుర్రాళ్లు ప్రతి ఊళ్లో నలుగురైనా ఉంటారు, అతనూ అలాగే చేరాడు. పెళ్లయిన కొన్నేళ్లకే ఎక్కడో ఎత్తయిన కొండల్లో, కాపలా కాసే చోట మంచుచరియ విరిగిపడి పోయాడు. పిల్లలు లేరు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. అతని శవపేటిక ఊరికి వచ్చిన రోజు వాకిట్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది, పాతికేళ్లు దాటినా ఆ నడక ఆగలేదు.

మూణ్ణాలుగేళ్ల కిందట, వైశాఖమాసంలో ఒక పొద్దున, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని బస్సు దిగి వచ్చింది. వస్తూనే, "వదినా, జాకెట్టు కొనాల" అంది. మా వైపు జాకెట్టంటే రవికె. గుడ్డ తెచ్చుకున్నావా, మా టైలరు దగ్గర నీ కొలతలు పాతవి అయిపోయాయి అంటూ నేను నా ధోరణిలో చెప్పుకుపోతున్నాను. "ఆ జాకెట్టు కాదు. సలి జాకెట్టు" అంది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. నేను లేచి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండదెబ్బేమోనని మజ్జిగ కలిపి తెచ్చాను కూడా. ఆ మజ్జిగ తాగుతూనే, నిలబడే, సంగతి చెప్పింది. భర్తతో పాటు ఆ కొండ మీద పనిచేసిన ఒకాయన పాయకరావుపేటలో ఉంటారు, రిటైరై వచ్చారు. ఆయన ఫోను చేశారట. అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు చెక్కి, కాపలా పోస్టు దగ్గర ఒక రాయి నిలబెట్టారట. ఇళ్లవాళ్లను రమ్మన్నారట. అక్కడ ఈ ఎండాకాలంలో కూడా పొద్దున్నే నీళ్లు గడ్డకడతాయి, తగిన బట్టలు లేనివాళ్లను పైకి పంపించరు అని చెప్పారట.

"నేనెల్తాను వదినా. నువ్వు తోడు రా" అంది. మా ఆయనకు రక్తపోటు, ఆ ఎత్తుకు వెళ్లకూడదని డాక్టరు తేల్చేశాడు. కాబట్టి నాకూ ఒక జాకెట్టు కావాలి.

ఇక చూడండి మా తిరుగుడు. చలికాలంలో మెయిన్ రోడ్డు పక్కన తాళ్లకు స్వెట్టర్లు వేలాడదీసే ఉత్తరాదివాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. బట్టల కొట్లలో జాకెట్లు అడిగితే, పాపం మా వయసుకు గౌరవమిచ్చి, నవ్వు బిగపట్టుకుని లేవనేవారు. ఒక కొట్టతను మాత్రం అటక మీద నుంచి అట్టపెట్టె దించి దుమ్ము దులిపాడు. అందులో ఉన్నవి మోటారు సైకిలు మీద వెళ్లేవాళ్లు వేసుకునే రెగ్జిను కోట్లు. విశాఖపట్నం వెళ్లాం. పెద్ద కొట్లో ఏసీ కింద నిలబడి ఊదారంగు జాకెట్టు ఒకటి వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకు నేనే బాగున్నాననిపించింది. కొనేశాను. మా ఆడపడుచు ఏది వేసుకున్నా రెండు నిమిషాల్లో విప్పేసేది. ఇది ఊపిరి ఆడనివ్వదు, ఇది గలగలమంటుంది, దీని జేబులు చేతికి అందవు అని ఏదో ఒక వంక. చివరికి ఫోనులో తేలికైనది ఒకటి తెప్పించాను. చేత్తో పట్టుకుంటే బరువే లేదు. లోపల ఏముందని ఆమె అడిగితే, చదివి బాతు ఈకలని చెప్పాను. శనివారాలు ఒంటిపూట ఉండి ఉప్మాక వెంకన్న కొండెక్కే మనిషి. "ఈకలు కప్పుకుని ఎల్లమంటావేటి నన్ను?" అని దాన్ని దూరంగా పెట్టింది. ప్రయాణం దగ్గర పడుతోంది. ఆమెకు నచ్చినది దొరకదు, ఏది కావాలో చెప్పదు. రాత్రిళ్లు నా నిద్ర కూడా పోయింది. ఒక దశలో ఈ మనిషికి అసలు వెళ్లాలని ఉందా, లేక జాకెట్టు సాకుతో తప్పించుకుంటోందా అని కూడా అనుమానం వచ్చింది.

పాయకరావుపేట ఆయనకు ఫోను చేసి గోడు వెళ్లబోసుకున్నాను. మర్నాడే ఒక సంచీ భుజాన వేసుకుని వచ్చారు. సంచీలో ఆయన జాకెట్లు రెండు ఉన్నాయి. మేము కొన్నవాటిని కూడా చాప మీద పరిచి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. నా ఊదారంగు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదారు. ఊపిరి అవతలికి వచ్చేసింది. "అక్కగారూ, ఇది ఏసీ రైలుకి బావుంటాది" అని మర్యాదగా పక్కన పెట్టారు. ఇంట్లో ఎంత చూసినా ఏం తెలుస్తుంది, చలిలో వేసుకుని చూడాలన్నారు. ఎండాకాలం అనకాపల్లిలో చలి ఎక్కడ దొరుకుతుంది అంటారేమో, మాకు బెల్లం కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మా ఆయన స్నేహితుడిదే ఒకటి. అడిగితే, నవ్వుకుంటూనే తలుపు తీయించాడు.

లోపల మసక వెలుతురులో బెల్లం దిమ్మల బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. తీపి వాసన, దాని వెనక తడి గోనె వాసన. తలుపు మూయగానే బయటి ఎండ ఎప్పుడో పోయిన జన్మలోదిలా అయిపోయింది. కాసేపటికే నా ఊదారంగు జాకెట్టు గుణం తెలిసి పళ్లు టకటకలాడాయి. మా ఆడపడుచు చీర మీద ఆయన తెచ్చిన జాకెట్టు ఒకటి వేసుకుని బస్తాల మధ్య నడవసాగింది. నడిచి నడిచి ఆయన ముందు ఆగింది.

"బాబూ, అక్కడ ఇంతకన్నా సలా?"

"ఇది మాకు మజ్జాన్నం ఎండ వదినమ్మా" అన్నారాయన.

"ఆయన సెలవకొచ్చినప్పుడల్లా అడిగీదాన్ని. మంచి కోటిచ్చేరే, సలే తెలీదు, దుప్పట్లో పడుకున్నట్టుంటాది అనీవోరు. అబద్ధమా?"

ఆయన బస్తా మీద గోనె పీచు ఒకటి లాగి వేలికి చుట్టుకున్నారు. నేను మధ్యలో ఏదో అని మాట మారుద్దామనుకున్నాను గాని, చలికి నా నోరు సహకరించలేదు.

"కోటు మంచిదే వదినమ్మా, అది అబద్ధం కాదు" అన్నారు చివరికి. "నడిసేవోడికి అది సాలు, సెమట కూడా పడతాది. కాపలా అంటే నిలబడాల. నిలబడ్డోడికి ఏ కోటూ సాలదు. అన్న నిలబడీవోడు. పిల్లలం మేం అలిసిపోతే మా వంతు కూడా నిలబడీవోడు."

ఆమె ఒంటి మీది జాకెట్టు విప్పి ఆయన చేతికిచ్చింది. అది పల్చటిది, నడిచేవాళ్లదట. రెండోది బరువైనది, మోకాళ్ల దాకా వచ్చేది, లోపల దట్టంగా ఉన్ని, పైన గాలి చొరని గుడ్డ. దాన్ని తొడుక్కుని గుండీలు మెడ దాకా పెట్టుకుంది. "ఇది సాలు వదినా. నేనక్కడికి నడవడానికి ఎల్తన్నానేటి? నిలబడ్డానికే గదా" అంది. అన్ని రోజుల మా వెతుకులాట అలా, బెల్లం బస్తాల మధ్య, ఆ ఒక్క మాటతో ముగిసింది. నాకు ఆయనే ఇంకొకటి తన మేనల్లుడి దగ్గర నుంచి తెచ్చిపెట్టారు. నా ఊదారంగుది నిజంగానే ఏసీ రైలుకి పనికొచ్చింది.

ప్రయాణం గురించి చెప్పాలంటే చాలా ఉంది, అదంతా ఇప్పుడు చెప్పను. రైలు, ఆ తర్వాత మిలటరీ బండి, మధ్యలో ఒంటికి ఎత్తు అలవాటు కావాలని ఒకచోట ఆపేశారు. ఆగినచోట కూడా ఆమె మాకిచ్చిన బస ముందు అటూ ఇటూ తిరుగుతుంటే, ఆయాసం వస్తుంది కూర్చోమని డాక్టరు కోప్పడ్డాడు. పైకి వెళ్లిన రోజు ఎండ తెల్లగా కాసింది గాని, గాలి మాత్రం ముఖం మీద గీరినట్టు వీచింది. రాయి చిన్నదే. హిందీలో చెక్కిన పేర్లు ఆమెకు చదవడం రాదు. వేలు పెట్టి చూపించడానికి ఒక కుర్ర జవాను వచ్చాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాని ముఖం, చలికి పగిలిన బుగ్గలు. పేరు చూపించి, ఆమె పడిపోతుందేమోనని చెయ్యి పట్టుకుని పక్కనే నిల్చున్నాడు. ఆమె పడిపోలేదు, ఏడవలేదు. అందరూ పూలు పెట్టి వెనక్కి వచ్చేశాక కూడా అక్కడే నిల్చుంది. ఆ కుర్రవాడు కదలలేదు. దూరం నుంచి నాకు వాళ్లిద్దరూ తల్లీ కొడుకుల్లా కనిపించారు. బండి హారన్ కొట్టాక గాని రాలేదు. వచ్చేముందు తన తలకు చుట్టుకున్న ఉన్ని శాలువా తీసి ఆ కుర్రవాడి మెడకు చుట్టింది. అతను వద్దని చేతులు ఊపుతుంటే తెలుగులోనే కసిరి మరీ చుట్టింది.

తిరుగు ప్రయాణంలో రైలు చాలాసేపు మైదానాల్లో నడిచింది. ఆమె బెర్తు మీద దుప్పటి సర్దుతూ తనే అంది. "వదినా, ఆ పిల్లడు సూసేవా. ఆయన పోయినప్పుడు అంతకన్నా నాలుగేళ్లు పెద్ద, అంతే. ఇన్నాళ్లూ పెద్దోడయ్యుండీ నాతో అబద్ధమాడేడేమోనని కోపముండీది, నాకు నిజం సెప్తే నేను తట్టుకోలేనా అని. ఇప్పుడు సూత్తే ఏటుంది? సిన్నపిల్లడు. ఇంట్లోవోళ్లు బెంగెట్టుకుంటారని సలెయ్యట్లేదన్నాడు. సిన్నపిల్లల మీద కోపమేటి?"

ఆమె ఇప్పటికీ గుమ్మంలో నిలబడే అన్నం తింటుంది. అదేం మారలేదు. కాని, మాటల్లో భర్త ప్రస్తావన వచ్చినప్పుడు, ఇదివరకు "ఆయన" అనే మనిషి ఇప్పుడు ఒక్కోసారి "పిచ్చోడు" అంటుంది, అదీ నవ్వుతూ. పోయినవాళ్లను కాలం మన నుంచి దూరంగా పట్టుకుపోతుందని నేను అనుకునేదాన్ని. అది చేసే పని ఇంకొకటి కూడా ఉందని ఆమెను చూశాక తెలిసింది. ఒకప్పుడు మనకన్నా పెద్దయిన మనిషిని, ఏళ్లు గడిచాక, చిన్నవాణ్ని చేసి తెచ్చి మన ఒళ్లో పెడుతుంది.