పదహారు బోల్టులు

సైకిల్ షాపు షట్టరు మీద ఏటా జరిగే కొండ సైకిల్ రైడుకని సుద్దముక్కతో రాసిన మూడు నిబంధనలు మూడేళ్లుగా అక్కడే ఉన్నాయి. వానకు చెరిగిపోయినప్పుడల్లా పానా అక్క మళ్లీ దిద్దేది. మొదటిది: ఎవరి నీళ్లు, ఎవరి తిండి, ఎవరి ట్యూబు వాళ్లే మోసుకోవాలి. రెండోది: వెనక వ్యాను రాదు, ముందు ఎవరూ ఎదురు రాకూడదు. మూడోది కాస్త పెద్ద అక్షరాల్లో ఉండేది: దారిలో ఎవరినీ ఏమీ అడగకూడదు, అడిగితే పేరు కొట్టేస్తాం.

కొట్టేస్తాం అంటే ఉత్తుత్తి బెదిరింపు కాదు. కిందటేడు లెక్కల మాస్టారు, అరవై దాటిన మనిషి, కొండెక్కి దిగి, ఇంకో రెండు కిలోమీటర్లలో ఊళ్లో పడతాడనగా పంపు విరిగి పక్కవాడి పంపు అడిగి గాలి కొట్టుకున్నాడు. ఇచ్చినవాడు తప్ప ఎవరూ చూడలేదు కూడా. ఆయనే వచ్చి నిజాయితీగా చెప్పుకున్నాడు పాపం. పానా అక్క మారుమాట లేకుండా షట్టరు మీద ఆయన పేరుకు అడ్డంగా గీత లాగేసింది.

"ముప్ఫయ్యేళ్లు పిల్లల పేపర్ల మీద నేను గీతలు కొట్టానమ్మా. నా మీద గీత పడ్డం ఇదే మొదలు" అన్నాడాయన. ఆ తర్వాత నెలరోజులు ఆ వీధి మొహం చూడలేదు.

పానా ఎప్పుడూ నడుముకు దోపుకుని ఉంటుంది కాబట్టి ఆవిడకా పేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. యాభై నాలుగేళ్ల మనిషి, మాట ముక్కుసూటి, చెయ్యి గట్టి. భర్త దర్జీ. ఆయన దుకాణానికీ ఈవిడ షాపుకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకో కిటికీ. కత్తెర, నూనెడబ్బా, టీ గ్లాసులు, సంసారంలోని అలకలు, అన్నీ ఆ కిటికీలోంచే అటూ ఇటూ నడుస్తాయి.

ఎవరినీ ఏమీ అడగకూడదన్న పట్టుదల ఊరికే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట వాళ్ల కాపురం కొండమీది ఊళ్లో ఉండేది. నొప్పులొస్తే కూరగాయల వ్యానెక్కి కిందికి బయల్దేరారు. తొమ్మిదో మలుపులో వ్యాను మొరాయించింది. అటుగా వచ్చిన రెండు బళ్లకు దర్జీ చేతులు జోడించి అడ్డం నిలబడ్డాడు. రెండూ పక్కనుంచి వెళ్లిపోయాయి. కూతురు బస్తాల మధ్యనే పుట్టింది. పచ్చి బాలింత ఆ రోజే మనసులో రెండు అనుకుంది: బండి ఆగిపోతే బాగుచేయడం నేర్చుకోవాలి, ఇక జన్మలో ఎవరినీ దేనికీ అడగకూడదు. రెండూ సాధించింది.

బస్తాల మధ్య పుట్టిన ఆ పిల్లే ఇప్పుడు అదే కొండమీది చిన్న క్లినిక్కులో నర్సు.

ఈ ఏడు వానలకు కొండరోడ్డు రెండుచోట్ల తెగిపోయింది. తెగినచోట్ల మిగిలింది పాత కాలిబాటే. మనిషి నడవొచ్చు, గేర్ల సైకిలు తొక్కొచ్చు, అదీ నాలుగైదు చోట్ల దిగి భుజాన వేసుకుంటే. నెలలు నిండిన ఆడవాళ్లను కుర్చీలో కూచోబెట్టి నలుగురు మోసుకుంటూ దింపుతున్నారు. ఒకసారి ఫోన్లో కూతురు ఏడ్చినంత పని చేసింది.

"అమ్మా, నాకు పని వచ్చు. మందులున్నాయి. కాన్పులకి అనుమతే లేదు. కాన్పు బెడ్డు లేదు కాబట్టి ఇవ్వరట. వచ్చే నెల మూడో ఆదివారం ఆఫీసరుగారు అవతలివైపు నుంచి నడిచి వస్తారు. మధ్యాహ్నం మూడుకల్లా తిరిగి వెళ్లిపోతారు. అప్పటికి బెడ్డు నిలబడి ఉంటే సంతకం పెడతారు. లేదంటే మళ్లీ ఏడాదికి."

"అయితే బెడ్డు తెస్తాం" అంది పానా అక్క.

"ఎలా తెస్తావే?"

"ముక్కలు చేసి."

ఈ ఏడు కొండ రైడు అలా కుదిరింది. రానూపోనూ డెబ్బై ఆరు కిలోమీటర్లు, ఇరవై ఇద్దరు రైడర్లు. చందాలు వద్దంది. ఒక్కో రైడరుకు ఒక్కో వీధిని అప్పజెప్పింది. ఆ వీధి వాళ్లు కలిసి క్లినిక్కుకు ఏమిస్తారో వాళ్లిష్టం, కాని మూట కిలోన్నర దాటకూడదు. తువ్వాళ్లు, సబ్బులు, పసిపిల్లల దుప్పట్లు, ఒక గోడగడియారం వచ్చాయి. ఒక వీధివాళ్లు ఇస్త్రీపెట్టె తెచ్చారు. "దీన్ని మీరే మోసుకెళ్లండి, చూద్దాం" అని వెనక్కి పంపింది.

ఊళ్లోని ఆసుపత్రివాళ్లు మూలపడేసిన కాన్పు బెడ్డు ఇచ్చారు. తుప్పుపట్టి చూడబుద్ధి కాకుండా ఉంది. పెయింటరు రంగు వేశాడు, దర్జీ పరుపుకు కొత్త తొడుగూ, మోసుకెళ్లడానికి సంచులూ కుట్టాడు, పానా అక్క దాన్ని విప్పి పందొమ్మిది ముక్కలు చేసింది. మామూలుగా ఆవిడ పద్ధతి ఏమిటంటే, విప్పిన బోల్టును మళ్లీ దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి వదిలేస్తుంది, పోదు. ఈసారి దర్జీ కిటికీలోంచి తల పెట్టి గొడవ చేశాడు.

"బోల్టులు అలా పొడుచుకొచ్చి ఉంటే నా సంచులు చిరిగిపోవూ? రాత్రింబగళ్లు కుట్టాను. తీసెయ్."

ఎప్పుడూ వినని మనిషి ఆ ఒక్కసారి మొగుడి మాట విన్నది. పదహారు బోల్టులు తీసి అయస్కాంతం పళ్లెంలో పెట్టింది. పాతికేళ్లలో ఆ పళ్లెంలో పెట్టినది ఒక్కటీ పోలేదు. అవీ పోలేదు. తెల్లవారుజామున అందరూ బయల్దేరినప్పుడు కూడా భద్రంగా ఆ పళ్లెంలోనే, బల్లకింద ఉన్నాయి.

ఆ సంగతి ఎక్కేటప్పుడు ఎవరికి తెలుసు? ఎక్కడం మాత్రం మహా దర్జాగా సాగింది. బెడ్డు కాళ్లు వీపుకు కట్టుకుని ఒకరు, తలవైపు చట్రం మెడలో వేసుకుని ఒకరు, పరుపు ముక్కలు హ్యాండిలుకు చుట్టుకుని ఒకరు. మూడో మలుపులో ఇద్దరికి పంక్చర్లు పడ్డాయి, ఎవరిది వాళ్లే వేసుకున్నారు. ఏడో మలుపు దగ్గర బురదలో లెక్కల మాస్టారు నిలువునా కూలబడ్డాడు. పానా అక్క ఆగి చూసింది. "నేనేమీ అడగలేదు, రాసుకోండి" అని బురద తుడుచుకుంటూ ఆయనే లేచాడు. పన్నెండున్నరకు క్లినిక్కు రేకుల కప్పు కనబడేసరికి అందరికీ ఎక్కడలేని ఊపూ వచ్చింది.

కూతురు గుమ్మంలో ఉంది. తల్లిని చూడగానే నవ్వబోయి ఏడ్చేసింది. ఆఫీసరు అప్పటికే లోపల రిజిస్టర్లు చూస్తున్నాడు. వరండాలో చాప పరిచి ముక్కలన్నీ వరుసగా పేర్చారు. పందొమ్మిదికి పందొమ్మిదీ ఉన్నాయి.

"బోల్టులు?" అన్నాడు లెక్కల మాస్టారు.

పానా అక్క నడుము తడుముకుంది. సంచీ తడుముకుంది. బల్లకింద పళ్లెం కళ్లముందు కదిలింది. పాతికేళ్ల పని, ఇన్ని వీధుల చెమట, లోపల మూడింటికి లేచిపోయే ఆఫీసరు, ఎదురుగా కూతురు. తన చేత్తో తనే పాడుచేసుకుంది. ఇంతకన్నా సిగ్గు ఆవిడ ఎరగదు.

"అమ్మా, తాడుంది. ప్రస్తుతానికి కట్టేద్దామా?" కూతురు గొంతు తగ్గించి అడిగింది.

"కట్టిన మంచం మీద కాన్పు చేస్తావా? ఆఫీసరు మాటటుంచు, నేనొప్పుకోను."

స్పేరు బోల్టులు ఎవరి దగ్గరా లేవు. బరువు తగ్గించండి, అనవసరమైనవి తేవద్దని వారం రోజులు అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది తనే. గోడకు ఆనించిన సైకిళ్లకేసి చూసింది. మెకానిక్కు కన్ను కదా, ఒక్క చూపులో లెక్క తేలిపోయింది. ప్రతి సైకిలుకూ నీళ్ల సీసా కింద సన్న బోల్టులు రెండు, సీటు కింద లావు బోల్టు ఒకటి. బెడ్డుకు కావలసినవి సన్నవి పన్నెండు, లావువి నాలుగు. సైజు కూడా అదే. తన సైకిలువి విప్పితే మూడు వస్తాయి. మిగతా పదమూడూ అడగాలి.

అడగాలి. తొమ్మిదో మలుపులో ఆగకుండా వెళ్లిపోయిన రెండు బళ్లు ఇప్పటికీ ఆ మాటకు అడ్డంపడినట్టే ఉన్నాయి. గడియారం మూట విప్పితే ఒంటిగంటా ఇరవై అయింది. ఆవిడ నేరుగా లెక్కల మాస్టారి ముందుకు వెళ్లి నిలబడింది.

"మాస్టారూ, మీ సీటు కింద బోల్టు కావాలి. ఇస్తారా?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "అడిగితే పేరు కొట్టేస్తారు కదమ్మా?"

"కొట్టేస్తాను. నా పేరు. అడిగింది నేను."

"అది లేకపోతే సీటు నిలవదు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు నిలబడి దిగాలి."

"దిగాలి మరి. నాదీ విప్పుతున్నా."

ఆయన సంచిలోంచి ఎల్ కీ తీసి, సైకిలు తిరగేసి, తన బోల్టు తనే విప్పి ఆవిడ అరచేతిలో పెట్టాడు. వేడిగా, బురదగా ఉంది. పానా అక్క కళ్లు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా తను ఎవరినీ అడగలేదని గర్వపడింది గాని, అడిగితే ఇచ్చేవాళ్లు ఇంతమంది చుట్టూ ఉన్నారని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ తర్వాత జరిగింది ఒకటే రభస. మిగిలిన రెండు లావు బోల్టులకు ఆరుగురు ఎగబడ్డారు. "నాది తీసుకో అక్కా, నాకు నిలబడి తొక్కడమే అలవాటు" అన్నాడు బేకరీ అతను. "ముందు నేను విప్పాను" అని పోస్టుమాన్ అడ్డం తగిలాడు. ఆ ఇద్దరివే తీసుకుంది. సన్న బోల్టులు పన్నెండు కాదు, ఇరవై వచ్చి చాపమీద పడ్డాయి. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి, ఒకటి ఎర్రది, ఒకటి బంగారు రంగుది. పానా అక్క బిగిస్తుంటే ఇరవై ఒక్కమంది ఊపిరి బిగబట్టి చూశారు. రెండుంబావుకు బెడ్డు నాలుగు కాళ్లమీద నిలబడింది.

ఆఫీసరు వచ్చి చేత్తో ఊపాడు. కదల్లేదు. వంగి కిందకు చూశాడు.

"బోల్టులు ఒక్కోటి ఒక్కో రకంగా ఉన్నాయేంటమ్మా?"

"బిగింపు చూడండి సార్" అంది కూతురు.

ఆయన బూట్లు విప్పి, ఆ బెడ్డుమీద నిండుగా వెల్లకిలా పడుకుని అటూ ఇటూ దొర్లాడు. తొంభై కిలోల మనిషి. బెడ్డు కిమ్మనలేదు. లేచి జుట్టు సర్దుకుని సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని కూతురు తల్లిని వాటేసుకుంది, ఇద్దరి మొహాలూ గ్రీజు. వరండా అంతా చప్పట్లు.

దిగేటప్పుడు నలుగురికి సీట్లు లేవు, పదిమందికి నీళ్లసీసాలు జేబుల్లో ఉన్నాయి. తొడలు మంటలెత్తాయి. బేకరీ అతను అలవాటుకొద్దీ కూచోబోయి రెండుసార్లు వెర్రికేక పెట్టాడు. లెక్కల మాస్టారు మాత్రం పెళ్లికొడుకులా నిటారుగా నిలబడి మలుపులన్నీ లెక్కపెడుతూ దిగాడు. "తొమ్మిదీ" అని ఆయన అన్నప్పుడు పానా అక్క ఆ చోటుకేసి చూసి, బ్రేకు వదిలేసి, హాయిగా నవ్వుకుంటూ సాగిపోయింది.

ఎదురు రాకూడదని నిబంధన ఉంది కాబట్టి ఊళ్లో ఎవరి గుమ్మంలో వాళ్లే నిలబడ్డారు. ఏ వీధి రైడరు వస్తే ఆ వీధి గుమ్మాలన్నీ గోలపెట్టాయి. దర్జీ షాపు మెట్టుమీద, అయస్కాంతం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. మొహం చిన్నబోయింది.

"పొద్దున ఎనిమిదింటికి చూశానే. అప్పట్నుంచి ఒక్క కుట్టు తిన్నగా పడలేదు. ఏమైంది?"

"సంతకమైంది" అంది. ఆ మనిషి పళ్లెం పక్కనపెట్టి, తలమీద చేతులు వేసుకుని, నవ్వుతూ ఏడ్చాడు.

ఆవిడ సుద్దముక్క తీసుకుని షట్టరు దగ్గరికి వెళ్లింది. ఇరవై రెండు పేర్ల జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నది తన పేరు. దానిమీద అడ్డంగా గీత గీసింది. లెక్కల మాస్టారు వెనకనుంచి, "గీత వంకరగా వచ్చిందమ్మా" అన్నాడు. ఇంకోటి తిన్నగా గీసి చూపించింది. ఆ గీతను ఆవిడ వానకు చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుతూనే ఉంది.

మూడు వారాల తర్వాత మధ్యాహ్నం ఫోను వచ్చింది. కూతురే.

"అమ్మా, పాప. మూడు కిలోలు. తల్లీ పిల్లా బావున్నారు."

పానా అక్క పానా కింద పెట్టింది. ముందు అడగాల్సిందే అడిగింది. "బెడ్డు కిర్రుమందా?"

"పాప ఊరంతా వినబడేలా ఏడ్చింది గాని, బెడ్డు మాత్రం ఒక్క చప్పుడు చేయలేదమ్మా."

ఫోను చెవికి ఆనించుకునే ఆవిడ వీధిలోకి వెళ్లి, ఎదురొచ్చిన మొదటి మనిషికి ఆ మాట చెప్పింది.