ఇసెంగె పేరుతో ఒక పాట

కిన్షాసాలో గడియారాలు బాగుచేసే లోక్వా ఒకప్పుడు గిటారు వాయించేవాడన్న సంగతి ఆ వీధిలో ఎవరూ ఎరుగరు. గిటారు మంచం కింద ఉంది. ఎనభై అయిదేళ్ల ఆ మనిషి దాని ఊసు ఎన్నడూ ఎత్తలేదు. అందుకే రేడియోలో పనిచేసే ఇలోంగా అతని కొట్టుకు వచ్చి, ఒక పాత రికార్డులోని పాటను ఫోనులో వినిపించినప్పుడు అతని చేతిలోని పట్టకారు జారిపోయింది.

"ఈ గిటారు నీదేగా తాతా! బెల్జియం దొరల కాలంలో ఊరంతా దీనికి నడుము తిప్పిందట. ఇంత ఘనుడివి, ఇక్కడ ముళ్లు తిప్పుకుంటూ కూర్చున్నావా?"

"ముళ్లు వెనక్కి తిరగవమ్మా. ఆపు దాన్ని."

ఆనాటి నాట్యగీతాలు పన్నెండింటిని రేడియోవాళ్లు వెదికి తీసి, మళ్లీ విడుదల చేస్తున్నారు. "ఈ పాట నేనే కట్టాను" అన్న వాక్యం కింద సంతకం కావాలంటూ ఇలోంగా ఒక కాగితం పెట్టి వెళ్లింది.

ఆ పాట అతడు కట్టలేదు.

పందొమ్మిదివందల యాభై ఏడులో అతనికి పందొమ్మిదేళ్లు. పెదనాన్న కూతురు బొలుంబు కొడుకు ఇసెంగె పది నెలలకే జ్వరంతో పోయాడు. పెరట్లో తాటాకుల పందిరి కింద, చాపమీద కూర్చుని, ఆమె బిడ్డ పేరు పిలుస్తూ పాడింది. చావు పాట పందిరి దాటకూడదు. ఎవరూ పోని చోట దాన్ని పాడితే మృత్యువును పేరుపెట్టి పిలిచినట్టే. అది లోక్వాకూ తెలుసు. అయినా రికార్డింగు గదిలో దొర "కొత్తదేమైనా ఉందా?" అనగానే ఆ రాగానికి వేగం పెంచి వాయించాడు. బార్లలో జంటలు "ఇసెంగె! ఇసెంగె!" అని అరుస్తూ గంతులు వేశాయి. ఒక ఆదివారం, నెత్తిన పొగచేపల గంపతో వస్తున్న బొలుంబు బారు ముందు ఆగి విన్నది. గంప దించలేదు, ఏడవలేదు. అతణ్ణి చూసి, చూడనట్టే సాగిపోయింది. ఆ వారమే గిటారు మంచం కిందికి చేరింది. తర్వాత ఎక్కడ ఎదురుపడినా ఆమె అతని పక్కనున్నవారినే పలకరించేది.

ఏ చట్టమూ దీన్ని నేరమనలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తీర్పే లేని చోట శిక్షకు గడువెక్కడిది?

ఇలోంగా వచ్చిన మర్నాడు ఉదయం కాగితం జేబులో పెట్టుకుని అతడు మూడు వీధులు దాటాడు. బొలుంబు కర్రపెండలం ముద్దలను ఆకుల్లో చుడుతోంది.

"మూడు వీధులు దాటడానికి అరవై ఆరేళ్లా తమ్ముడూ? మోకాళ్ల నొప్పులా?"

"సిగ్గక్కా."

"దానికి కాళ్లు లేవులే. కూర్చో."

అతడు కాగితం చదివి వినిపించాడు. "నీ పేరు రాయిస్తాను."

"నా పేరెందుకు? మళ్లీ ఆడతారా దానికి?"

"ఆడతారు."

"నా బిడ్డ పేరుమీద ఒకసారి తొక్కారు. చాలదూ?"

ఆమె మరో ఆకు ముడిచింది.

"నేను పాడినట్టు గుర్తుందా?"

"ప్రతి మెలికా గుర్తుంది."

"నాకు గొంతు పోయింది. ఆనాడు విన్నవాళ్లంతా పోయారు. నేను పోయినప్పుడు పందిరి కింద, చాపమీద కూర్చుని మెల్లగా వాయించు. అందాకా వద్దు."

"నేనే ముందు పోతేనో?"

"ఒకసారి తొందరపడ్డావు, చాల్లే."

"మన్నించావా అక్కా?"

"అలా అన్నానా? పని చెప్పానంతే."

సాయంత్రం ఇలోంగా వచ్చేసరికి కాగితం మీద ఆ వాక్యం కొట్టేసి ఉంది. లోక్వా జరిగినదంతా చెప్పాడు.

"ఇక పదకొండేనా తాతా? అన్నింట్లోకీ ఇదే బాగుంది."

"బాగుంది కనకే కదమ్మా ఎత్తుకొచ్చాను."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గడిచిన వారమంతా ఆ పాటకు తానూ ఆడింది మరి.

ఆమె వెళ్లాక లోక్వా గిటారు బయటికి తీసి, కొత్త తీగలు బిగించాడు. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్క స్వరం మీద మెల్లగా ఆగుతూ కదిలాయి. ఆ ఇంట ఎవరూ పోలేదు. అందుకని కుడిచెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.