ఎరువు సొమ్ముల దర్జా

ఆ రోజుల్లో మా ఊళ్ళో పేదవాళ్ళు ఇంటింటా ఉండేవారు గానీ, చుట్టం గుమ్మం తొక్కిన పూట మాత్రం పేదరికం మచ్చుకైనా కనిపించేది కాదు. మాది భావనపాడు దగ్గర చేపల వేటకెళ్ళేవాళ్ళ పల్లె. ఎవరింటికైనా పెళ్ళిచూపులకి వస్తున్నారంటే చాలు, కుర్చీలు ఒకరింటి నుంచి, దుప్పట్లు ఇంకొకరింటి నుంచి, పిల్ల మెడలోకి గొలుసు మరొకరింటి నుంచి వచ్చేవి. సాయంత్రానికి ఎవరివి వాళ్ళకి వెళ్ళిపోయేవి. అడగడం నామోషీ కాదు, ఇవ్వకపోవడమే నామోషీ. ఆ మంచి అలవాటు నా చదువు పీకల మీదకి తెస్తుందని నాకేం తెలుసు?

నేను పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. (సందు దొరికితే ఇప్పటికీ చెబుతూనే ఉంటాను, ఏమీ అనుకోకండి.) టెక్కలి వెళ్ళి ఇంటర్ చదవాలని నా ఆశ. నాన్న తెచ్చే చేపలు ఇల్లు గడవడానికే చాలేవి కావు. చదువు లేదంటే పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టడమే. మా అప్ప (అక్కని మేం అలాగే అంటాం) అప్పటికే ఆ పనిలో ఉంది. జీడిసొన తగిలి దాని వేళ్ళు నల్లగా మాడిపోయేవి. అది అన్నం కలుపుతుంటే ఆ వేళ్ళ వంక చూడ్డానికే నాకు భయం. అలాంటప్పుడు మా లెక్కల మాస్టారు చల్లని కబురు తెచ్చారు. ఎక్కడో విదేశంలో, ఉద్యోగాలు విరమించిన టీచర్లు కొందరు చిన్న ఫౌండేషన్ పెట్టి, ఇటువైపు లేనివాళ్ళ పిల్లల్ని చదివిస్తున్నారట. వాళ్ళలో ఒకావిడ స్వయంగా మా ఇల్లు చూడ్డానికి వస్తోందట.

"అమ్మా, ఏమీ సర్దకండి. ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంచండి. లేదని తెలిస్తేనే ఇస్తారు" అని మాస్టారు మా అమ్మకి మరీ మరీ చెప్పారు. అమ్మ బుద్ధిగా తలూపింది. ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, "ఈ మాస్టారికి సదువెక్కువై మతి పోనాది. సముద్రాలు దాటొచ్చే మనిసికి సొట్టగిన్నెలో టీ ఇత్తామేటి? ఊరి పరువేటౌతాది?" అంటూ వీధిలోకి నడిచింది.

ఇంకేముంది, ఊరంతా కదిలింది. ఎదురింటి అత్త గ్లాసులు పంపింది, చాలవని ఆ పక్క ఇళ్ళవాళ్ళూ తలా ఒకటి పంపారు. గల్ఫ్ పిన్ని (బాబాయి గల్ఫ్‌లో వెల్డరు, అందుకని ఆ పేరు) ఏకంగా ఫ్రిజ్‌నే మోయించుకొచ్చింది. మా ఇంట్లో దానికి ప్లగ్గే లేదు. "ఉత్తినే నిలబెట్టీ అప్పా, అదే అందం" అంది. ఎండుచేపల వాసన ఇల్లంతా కొడుతోందని అమ్మ వాటిని అందులో పెట్టి మూసేసింది. పిన్ని తన గొలుసు కూడా నా మెడలో వేసి, "ఒసే గుంటా, జాగర్త! మీ బాబాయి సెమటే అది" అంది. ఎరువు సొమ్ము బరువు చేటని నాయనమ్మ గొణిగింది గానీ, ఆవిడ కట్టుకున్న చీర కూడా పక్కింటిదే. ఆ గొలుసు కొక్కెం గుచ్చుకుని మెడంతా ఒకటే దురద. అయినా అద్దం ముందు నుంచి కదల్లేదు నేను, వెర్రిమొహాన్ని.

దొరసానమ్మ (అమ్మ పెట్టిన పేరే) వచ్చింది. ఎండకి ముఖం కందిపోయిన పెద్దావిడ. ఆవిడ మాట మాకూ మా మాట ఆవిడకీ చెప్పడానికి టెక్కలి నుంచి ఒక మేడం కూడా వచ్చింది. దొరసానమ్మ ఫ్రిజ్ చూసింది, కుర్చీలు చూసింది, నా మెడ చూసింది. నెమ్మదిగా ఇంగ్లీషులో ఏదో అంది.

"ఊళ్ళో వీళ్ళకంటే లేనివాళ్ళు ఎవరూ లేరా అని అడుగుతున్నారు" అంది మేడం. మాస్టారు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టారు. నా కళ్ళ ముందు అప్ప వేళ్ళు ఆడాయి. అయిపోయింది, నా టెక్కలి సముద్రంలో కలిసిపోయింది అనుకున్నాను.

"ఇవన్నీ మీవేనామ్మా?" అని మేడం అమ్మని అడిగింది.

"మరెవలివమ్మా? మావే" అంది అమ్మ ధీమాగా. కిటికీలోంచి తొంగిచూస్తున్న ఊరు ఊరంతా "అవునవును" అంది.

మేడం టీ తాగబోతూ ఆగింది. స్టీలు సామాను మీద కొన్నవాళ్ళ పేరు చెక్కించుకోవడం మన ఆడవాళ్ళ అలవాటు కదా! తన గ్లాసు మీద పేరు చదివింది. దొరసానమ్మ చేతిలోని గ్లాసు కూడా తీసుకుని, తిప్పి చదివింది. మాస్టారిది కూడా అడిగి తీసుకుని చదివింది. "ఏమ్మా, మీ ఇంట్లో గ్లాసుకో పేరుందేమిటి?" అంది.

అమ్మ తల దించుకుంది. అమ్మ అలా తల దించుకోవడం నేను అంతవరకూ చూడలేదు. "ఊరోలియమ్మా. మాకేటీ నేదు. నేదని, ఇంటికొచ్చిన మనిసికి సొట్టగిన్నెలో ఇయ్యబుద్దవుతాదేటి?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసేశాను. "ఇదీ మాది కాదండీ! దీనికి కరెంటు కూడా లేదు!" గదంతా ఎండుచేపల వాసన గుప్పుమంది. కిటికీలోంచి పిన్ని, "ఆ గొలుసు నాదని కూడా సెప్పీండమ్మా!" అని అరిచింది.

మేడం అంతా ఇంగ్లీషులో చెప్పింది. దొరసానమ్మ ముక్కు మూసుకునే నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. గ్లాసులు ఇచ్చిన వాళ్ళందరినీ చూస్తానంది. పాపం, ఆ పని ఎందుకు పెట్టుకుందో గానీ, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టీ తాగించి గానీ వదల్లేదు మావాళ్ళు. నన్ను టెక్కలి హాస్టల్లో చేర్పించి, ఆ తర్వాత చదువు కూడా ఆ ఫౌండేషన్ వాళ్ళే చదివించారు.

ఇప్పుడు నేను నందిగాంలో టీచర్ని. ఆ ఫౌండేషన్ తరఫున ఇళ్ళు చూసి రావడం నా పనే. (దొంగ చేతికే తాళాలు!) మొన్న కంచిలి దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంటికి వెళ్ళాను. కూలికెళ్ళే తల్లి, కొత్త కుర్చీలు, గుమ్మం పక్కన నిలబడ్డ పిల్ల మెడలో బరువైన గొలుసు. టీ ఇచ్చారు. అలవాటు కొద్దీ గ్లాసు తిప్పి చూశాను. పేరు వాళ్ళది కాదు. నేను చదవడం చూసి పిల్ల ముఖం పాలిపోయింది.

"టీ బాగుందమ్మా. పిల్లని కాలేజీకి సిద్ధం చెయ్యండి" అన్నాను. పిల్ల ఊపిరి పీల్చుకుని, గొలుసు పక్కకి లాగి మెడ గోక్కుంది. ఇన్నేళ్ళ తర్వాత నా మెడ కూడా ఒక్కసారిగా దురద పెట్టింది.