నందిగామ దాకా వచ్చిన క్యాలెండరు

దుబాయ్ హోటల్లో పనిచేసేటప్పుడు మా తమ్ముడు తోటి ఉద్యోగినిని, ఫిలిప్పీన్స్ అమ్మాయి జాయ్‌ని పెళ్లి చేసుకున్నాడు. జనవరిలో ఇద్దరూ జగ్గయ్యపేట వచ్చేశారు. వాడిప్పుడు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. జాయ్‌కి ఇక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం ఖాయమైంది గానీ, సోమవారంలోగా ఆధార్ నమోదు చీటీ చూపించాలన్నారు. తమ్ముడికి డ్యూటీ. అందుకని శుక్రవారం నేనే ఆమెను బయల్దేరదీశాను.

ఎనిమిదింటికి నందిగామ బస్సెక్కాం. చిల్లకల్లు దగ్గర హైవే అందుకుంటే మొత్తం ముప్పావుగంట ప్రయాణం. ఆధార్ చూపించి నేను ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్టు తీసుకున్నాను, జాయ్ డబ్బిచ్చి కొనుక్కుంది. తిరిగొచ్చేటప్పుడు తనకూ సున్నా టికెట్టేనా అని ఆశగా అడిగింది. కార్డు అంత తొందరగా రాదమ్మా అన్నాను.

బస్టాండు నుంచి ఆధార్ కేంద్రానికి పది నిమిషాల నడక. విదేశీయులైతే పాస్‌పోర్టు, గడువున్న వీసా చూపించాలి. గడిచిన ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. నేను మహా ధీమాగా కవరు తెరిచాను. అన్నీ జిరాక్సులే! ఒరిజినల్ చూడందే కుదరదన్నాడు ఆపరేటరు. జాయ్ ముఖం పాలిపోయింది. పట్టాదారు పాసుపుస్తకమైనా సరే, ఒరిజినల్‌ని బీరువా దాటనివ్వని ఇల్లు మాది. ఫోన్ చేస్తే, కవర్లోంచి ఒరిజినల్స్ తీసి దాచింది తానేనని అమ్మ తాపీగా ఒప్పుకుంది.

"దారిలో పోతే ఆ పిల్ల గతేంటే? ఉండండి, నేనే తెస్తా."

ఒళ్లు మండింది. మోకాళ్ల నొప్పులని చర్చికి కూడా ఆటోలో వెళ్లే మనిషి. పైగా కోడలితో రోజుకు నాలుగు మాటలు మాట్లాడగా నేను చూడలేదు. ఇష్టం లేదేమో అనుకునేదాన్ని.

పదకొండున్నరకు అమ్మ వచ్చింది, బైబిలు సంచి గుండెకు హత్తుకుని. ఆపరేటరు పాస్‌పోర్టులో ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టాడు. వాళ్ల నాన్నకు బాగోలేదని మధ్యలో జాయ్ తన దేశం వెళ్లొచ్చిన రోజులు తీసేశాడు. రెండు వందల పద్నాలుగు, సరిపోయిందన్నాడు.

"నాకూ అంతే వచ్చిందండి" అంది అమ్మ.

సంచిలోంచి చర్చి క్యాలెండరు తీసి బల్ల మీద పరిచింది. సాయంత్రం ప్రార్థనలో కోడలు పక్కన కూర్చున్న ప్రతి రోజుకూ గడిలో చిన్న సిలువ గుర్తు. ఆమె లేని రోజులన్నీ ఖాళీ. ఆపరేటరు కుర్చీలోంచి సగం లేచి మరీ చూశాడు. 

ఒంటిగంటకల్లా వేలిముద్రలు, ఫొటో అయ్యాయి, చీటీ చేతికొచ్చింది. మీరు వెళ్లేటప్పుడు ఒరిజినల్స్ ఉన్నాయో లేదో ఇంట్లోనే కవరు తెరిచి చూసుకోండి. ప్రభుత్వం ముద్రలు చూసి తేల్చుకున్న సంగతి మా అమ్మ ఎవరూ అడక్కుండానే రోజూ రాసుకుంటూ వచ్చింది. అమ్మను మాటల లెక్కతో కొలిచినందుకు నాకు సిగ్గేసింది. తిరుగు బస్సులో జాయ్ ఆ క్యాలెండరు ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు గడి చూపించి అమ్మకు పెన్ను అందించబోయింది. అమ్మ పెన్ను తీసుకోలేదు.

"ఇంటికెళ్లాక, ప్రార్థనయ్యాక" అంది.