ఎంగిలి దారం

మహమూద్ నలభై ఏళ్లు నరసరావుపేట నగల కొట్లకి ముత్యాలు గుచ్చాడు. ఒక్క దండ మీదా ఆయన పేరు లేదు. కట్టింది ఆయన, పేరు కొట్టువాళ్లది. ఆయన పోయాక కూతురు జరీనాకి ఈ సంగతి మింగుడుపడలేదు. 1986లో, మొగుడు వద్దంటున్నా వినకుండా, ఇంటి ముందుగదిలో కొట్టు పెట్టింది. అట్టపెట్టెల మీద ‘జరీనా ముత్యాలు’ అని అచ్చేయించింది. హైదరాబాదు నుంచి ముత్యాలు తెప్పించుకుని, తండ్రి నేర్పినట్టే ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి కట్టేది. దారం తెగినా ఒక్క ముత్యమే రాలాలి. అదీ వాళ్లింటి పనితనం.

చానా ధైర్యం ఆ పిల్లకి అన్నారు జనం. ధైర్యం లేదు, పాడూ లేదు. కొట్టు తలుపు తీసిన దగ్గర్నించీ భయమే. మూడు నెలల్లో గుమ్మం తొక్కినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాలుగో నెలలో మాచవరం నుంచి కోటేశ్వరమ్మ కబురు చేసింది. పెద్ద రైతుల ఇల్లు. ఆవిడ మాటంటే చుట్టుపక్కల ఆడవాళ్లకి గురి. పదిహేనేళ్ల కిందట మహమూద్ కట్టిన హారమే ఇంకా ఆ ఊరి అమ్మవారి మెళ్లో ఉంది. ఈ తిరునాళ్లకి కొత్తది వేస్తానని ఆవిడ మొక్కుకుంది. ఇది నచ్చితే పది ఊళ్లు జరీనా దగ్గరికొస్తాయి. నచ్చకపోతే ఆ పెట్టెలు పొయ్యిలో పెట్టుకోవడమే.

హారం తీసుకుని వెళ్లేసరికి కోటేశ్వరమ్మ తలంటుకుని, వసారాలో వెండిపళ్లెంతో ఎదురుచూస్తోంది.

“మూడు రోజుల్నించి ఒంటిపూటే తింటన్నా జరీనా. అమ్మకి పెట్టేదంటే ఊరికే అయిద్దా? పువ్వు కూడా వాసన చూడకుండా పెడతాం.”

హారం ఆవిడ చేతికిస్తుండగానే జరీనాకి దారం సంగతి తట్టింది. కొస సన్నగా నిలబడితేగానీ దారం ముత్యం బెజ్జంలో దూరదు. దాన్ని నాలికతో తడిపి, మునిపళ్లతో నొక్కి ఎక్కించడం వాళ్లింట్లో తాతల నాటి అలవాటు. చేస్తున్నామన్న గుర్తు కూడా ఉండదు. మూడు పేటలూ అలాగే గుచ్చింది.

నోరు మూసుకుంటే సరిపోయేది, చూసినవాళ్లు లేరు. కానీ ఆ పల్లెల్లో అమ్మవారి భయం నీది ఏ మతమని అడగదు. చిన్నప్పుడు తనకి అమ్మవారు పోస్తే, వాళ్లమ్మ నమాజు చేసుకున్న చేతుల్తోనే గుమ్మానికి వేపమండలు కట్టింది.

“పెద్దమ్మా, పళ్లెంలో పెట్టొద్దు. నోటితో తడిపి ఎక్కించా. దారం ఎంగిలైంది,” అంది.

కోటేశ్వరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇక అరుస్తుంది, సాయంత్రానికి ఈ మాట నరసరావుపేట దాకా పాకుతుంది, తన కొట్టు పనైపోయినట్టే.

“కూర్చోని మళ్లీ గుచ్చు. నీళ్లిస్తా. నా కళ్లముందే,” అంది ఆవిడ.

జరీనా ముడులన్నీ కత్తిరించి, ముత్యాలు కడిగి, సంచీలోంచి కొత్త దారం తీసి గిన్నెలో ముంచుకుంటూ మొదలెట్టింది. చెయ్యి అలవాటుకొద్దీ రెండుసార్లు నోటి దాకా వెళ్లింది. రెండుసార్లూ కోటేశ్వరమ్మ దగ్గింది. పొద్దువాలే వేళకి హారం పూర్తయింది.

“పని బాగుందే. పదిమందికీ చెబుతాలే.”

జరీనాకి ప్రాణం లేచొచ్చింది. సంచీ సర్దుకుని లేవబోతుంటే ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

“నీకు పని నేర్పింది మీ నాయనేగా?”

“అవును పెద్దమ్మా.”

“అయితే ఆ పాత హారం?”

జరీనా అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు. తల దించుకుంది.

కోటేశ్వరమ్మ గోడ పట్టుకుని కూలబడింది. “నా చేత్తోనే వేశానే,” అంది. “అది వేసిన ఏడే గదే నా పెద్దకొడుకు పోయింది.”

ఆవిడ మాట తప్పలేదు, పది ఊళ్లవాళ్లూ వచ్చారు. మాచవరం నుంచి వచ్చామని ఎవరైనా గుమ్మంలో నిలబడితే మాత్రం, ఆవిడ ఎలా ఉందని అడగడానికి జరీనాకి నోరు రాదు, భయం.